పొగ లేని మంటను మెచ్చుకున్న రోజులు

ఐటీఐ పాసై, ఫ్యాక్టరీ గేట్ల ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడుతున్న పిల్లలకు నేను చెప్పగలిగేది ఒక్కటే సంగతి. అది నేను చేసిన తప్పు. బాగా చేసిన పనుల గురించి నన్ను అడగకండి. వాటి గురించి చెప్పేవాళ్లు ప్రతి రిటైర్మెంటు సభలోనూ దొరుకుతారు, శాలువా భుజం మీద పడగానే మొదలుపెడతారు. నాకూ శాలువా కప్పారు. నోరు తెరిస్తే ఇదే చెప్పాల్సి వస్తుంది, అందరి అన్నాలూ చల్లారిపోతాయి అని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి రాస్తున్నాను.

నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు చదవడం రాయడం రాదు. అందుకని నా రాతలో సోకులు వెతకొద్దు. ఉన్నదున్నట్టు చెప్తాను.

మాది వరంగల్ నుంచి ములుగు పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వచ్చే చిన్న రిఫైనరీ. రిఫైనరీ అనగానే సముద్రం ఒడ్డున ఊరంత వెడల్పున ఉండేదాన్ని ఊహించుకోకండి. బస్సుల, లారీల ఇంజన్లలోంచి తీసేసిన నల్ల ఆయిల్ ఉంటుంది కదా, దాన్ని డ్రమ్ముల్లో తెచ్చి, కాచి, శుద్ధి చేసి మళ్లీ పనికొచ్చే ఆయిల్‌గా మారుస్తాం. కాచేటప్పుడు అందులోంచి కొంత గ్యాస్ పుడుతుంది. ఎంత చల్లబరిచినా అది ఆయిల్‌గా మారదు. ఊరికే వదిలేస్తే కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది. అందుకే దాన్ని ఎత్తైన గొట్టం చివర కాల్చేస్తారు. ఆ గొట్టాన్నీ దాని మంటనూ కలిపి ఫ్లేర్ అంటారు. నా ఉద్యోగంలో సగం కాలం నేను చేసింది తల పైకెత్తి ఆ మంటను చూడడమే.

మొదట్లో మా ఫ్లేర్ నల్లగా పొగ కక్కేది. చుట్టూ పత్తి చేలు. కాయ పగిలి దూది బయటికొచ్చే రోజుల్లో దాని మీద మసి పడేది. ఒక ఏడు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి, పిడికెడు పత్తి బయటికి తీసి, మసి చూసి పక్కన పడేశాడట. ఆ రైతు అదే బస్తా తెచ్చి మా గేటు ముందు కుమ్మరించాడు. మరునాటికి ఇరవై బస్తాలయ్యాయి. మేనేజరు సారు నన్ను పిలిచి, పొగ కనిపించొద్దు, ఎట్లా చేస్తావో నాకు తెలియదు అన్నాడు.

ఫ్లేర్ మూతి చుట్టూ ఆవిరి వచ్చే రంధ్రాలుంటాయి. ఆవిరి జోరుగా వస్తే తనతోపాటు గాలిని మంటలోకి లాక్కుపోతుంది, మసి అక్కడే కాలిపోతుంది. కింద ఆవిరి వాల్వు ఉంటుంది, చక్రం తిప్పి తెరవాలి. నేను ఒక చుట్టు తిప్పాను, పొగ పలచబడింది. రెండు తిప్పాను, ఇంకా తగ్గింది. మూడో చుట్టుకు పోయింది. ఎందుకైనా మంచిదని ఐదు తిప్పాను. మంట పొట్టిగా, తెల్లగా అయింది, బుస్సుమని చప్పుడు. ఆకాశం కడిగినట్టుంది. రైతులు బస్తాలు ఎత్తుకుని పోయారు.

అప్పటి నుంచి ఐదు చుట్లు మా ఫ్యాక్టరీలో చట్టమైంది. గ్యాస్ ఎక్కువొచ్చినా ఐదే, తక్కువొచ్చినా ఐదే. చూడడానికి వచ్చినవాళ్లకు మేనేజరు సారు నన్ను చూపించేవాడు. ఒక దసరాకు మిషన్లకు పూజ చేసిన రోజు నాకు స్టీలు క్యారియరు కూడా ఇచ్చారు. నాతో షిఫ్టు చేసే తోటి ఆపరేటరు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు, కొత్తవాళ్లతో మా అన్న పొగను మింగుతడని చెప్పేవాడు. నేను కూడా నిజంగానే మింగుతున్నట్టు మీసం సవరించుకునేవాణ్ని.

షిఫ్టు పుస్తకం నింపేది అతనే. గంటగంటకూ ఆవిరి ఎంత, మంట ఎట్లా ఉంది, పొగ ఉందా అని గళ్లుంటాయి. ఏం రాయాలన్నా అని అడిగితే, పైన ఉన్నదే కిందికి దించు అనేవాణ్ని. అట్లా ఏళ్ల తరబడి ఒకే మాట పై నుంచి కిందికి దిగుతూ వచ్చింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా అతనే, ఆ పుస్తకం మీదే. కొడుకు పెళ్లి పత్రికలో నా పేరు ఎక్కడుందో నేనే వెతుక్కోలేకపోయిన సిగ్గుతో నేర్పమని అడిగాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగాక ఒక అరగంట. నేను ముందు చదివిన మాటలు అమ్మ, ఆవు కాదు. మంట, పొగ, ఆవిరి.

ఇక మా వదిన గురించి. మా అన్న భార్య. ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో ఉన్న మా వాడలో అంగన్‌వాడీ ఆయాగా చేస్తుంది. మా వాడలో సగం ఇండ్లు చర్చికి పోయేవాళ్లవి, సగం పోనివాళ్లవి, ఆమె మాటకు మాత్రం అందరూ భయపడేవాళ్లే. ఒకరోజు నేను డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే అంగన్‌వాడీ గడప దగ్గర ఆపింది.

"మరిదీ, మీ ఫ్యాక్టరీల ఏమో కుళ్లుతాంది. పిల్లలు గుడ్డు నోట్ల పెట్టుకుంటలేరు. పెట్టినా కక్కుతాన్రు."

"పొగ వస్తాందా?" అన్నాను.

"పొగ లేదు. వాసన వస్తాంది."

"పొగ లేనిది వాసన ఎక్కడిది వదినా. మీ సిలిండర్ పైపు చూసుకో."

"పైపు మంచిగనే ఉన్నది. నీ ముక్కు ఉన్నదా, డ్రమ్ముల పడేసొచ్చినవా?"

ఆమె సరసానికే అన్నా, అది నిజం. ఇరవై ఏళ్లు ఆ ఆయిల్ వాసనలో బతికినవాడికి ఇంట్లో పోపు మాడినా తెలియదు. నా కళ్ల మీద ఉన్న గర్వంతో ముక్కు పోయిన సంగతి నేను పట్టించుకోలేదు. ఇంకో రెండుసార్లు ఆమె చెప్పింది. చర్చిలో ఆదివారం ప్రార్థన మధ్యలో ఇద్దరు ముసలివాళ్లు తల పట్టుకుని బయటికొచ్చారని చెప్పింది. ఎండకు అయి ఉంటుంది అన్నాను. చలికాలం అది.

ఆ చలికాలంలోనే మా ఫ్యాక్టరీ పర్మిషన్ మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. కాలుష్యం చూసే ఆఫీసు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఫ్లేర్‌కు పొగ రాకపోతే చాలదు, గ్యాస్ పూర్తిగా కాలుతున్నట్టు మీటర్లు పెట్టి చూపించాలి. మేనేజ్‌మెంటు ఒక ఇంజినీరమ్మను పిలిపించింది. హనుమకొండ అమ్మాయి. ఎక్కడో సముద్రం పక్కన పెద్ద రిఫైనరీలో ఫ్లేర్ల పనే చేసి వచ్చిందట. వయసు నా చిన్న కొడుకంత. భుజానికి బ్యాగు, నెత్తికి హెల్మెట్, చేతిలో చిన్న నోట్‌బుక్.

వాల్వు ఎన్ని చుట్లు అని అడిగింది. ఐదు అన్నాను. గ్యాస్ తక్కువున్నప్పుడో? ఐదు. ఎక్కువున్నప్పుడో? ఐదు. ఎందుకు ఐదు అని అడిగితే, పొగ రాదు కాబట్టి అన్నాను. అన్నీ రాసుకుంది. తర్వాత షిఫ్టు పుస్తకం తిరగేసింది. ఐదారు నెలల పేజీలు తిప్పి, అన్నీ ఒక్కతీరుగా ఉండడం చూసి, పుస్తకం మూసి నా వైపు తిరిగింది.

"కాకా, పొయ్యి రాజెయ్యడానికి జర విసురుతం. మంట లేస్తది. అదే పనిగ గట్టిగ విసిరితే ఏమైతది?"

"ఆరుతది."

"నువ్వు ఐదు చుట్లతోని విసురుతానవ్."

నేను నవ్వి ఊరుకున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి నాకు మంట చూడడం నేర్పుతుందా అని. ఆమె ఒక వారం పాటు గ్యాస్ గొట్టానికి ఒక మీటరు, ఆవిరి గొట్టానికి ఒక మీటరు బిగించింది. ఫ్లేర్ మూతి దగ్గర ఎప్పుడూ ఆరకుండా ఉండాల్సిన చిన్న మంట ఒకటి ఉంటుంది, దాన్ని పైలట్ అంటారు. పెద్ద మంటను ముట్టించేది అదే. దాని వేడిని కిందికి తెలిపే తీగ ఎప్పుడో కాలిపోయింది. కంట్రోల్ రూంలో దాని ముల్లు ఒకేచోట ఉండేది, మేము దాన్ని గోడ మీది బొమ్మలాగా చూసేవాళ్లం. క్రేన్ తెప్పించి ఆ తీగ కూడా కొత్తది వేయించింది.

తీగ వేసిన మూడో రోజు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేనూ తోటి ఆపరేటరూ డబ్బాలు విప్పాం. కంప్యూటరు తెర ముందు కూర్చుని ఉన్న ఇంజినీరమ్మ లేచి వచ్చింది.

"కాకా, మంట ఆరిపోయింది."

"మంట కాదు, మీ తీగ పోయి ఉంటది," అన్నాను. "మొన్ననే వేసింది కదా, అప్పుడే పోయిందా?" అని తోటి ఆపరేటరు నవ్వాడు.

ఆమె వాదించలేదు. పైకి చూసి చెప్పమంది. బయటికొచ్చి చూశాం. మిట్టమధ్యాహ్నం, ఆకాశం తెల్లగా మెరుస్తోంది. ఆ వెలుగులో మంచి మంట కూడా కంటికి ఆనదు. అప్పుడు నా విద్య చూపిద్దామనుకున్నాను. నేను చేరిన కొత్తలో ఒక ముసలి ఫోర్‌మన్ నేర్పిన ఉపాయం అది. పట్టపగలు మంట కనిపించనప్పుడు తల పైకెత్తొద్దు, కిందికి చూడాలి. ఫ్లేర్ గొట్టం నీడ నేల మీద పడుతుంది. మంట ఉంటే ఆ నీడ కొస దాటాక వేడిగాలి నీడ కూడా పడుతుంది, చెరువు నీళ్ల వెలుగు గోడ మీద ఆడినట్టు నేల మీద అల్లాడుతుంది. ఆ ఉపాయం ఇద్దరు ముగ్గురికి నేను కూడా నేర్పాను. నేను మాత్రం చూడడం మానేసి ఎన్నేళ్లయిందో.

రా బిడ్డా చూపిస్తా అని డ్రమ్ముల యార్డు పక్కన సిమెంటు నేల దగ్గరికి తీసుకుపోయాను. గొట్టం నీడ కొస సరిగ్గా అక్కడే పడుతుంది.

నేల మీద నీడ ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. దాని కొస అవతల ఏమీ లేదు. ఎండ, సిమెంటు, ఒక చీమల బారు.

నేను వంగి చూశాను. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. తోటి ఆపరేటరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు, అతనికి కూడా ఈ ఉపాయం నేనే నేర్పాను. ఇంజినీరమ్మ గ్యాస్ తగ్గించమని లోపలికి ఫోన్ చేసి, ఆవిరి కట్టేయించి, పైలట్‌ను మళ్లీ ముట్టించింది. ఒక్క చుట్టుకంటే కొంచెం ఎక్కువ ఆవిరి ఇచ్చింది. కాసేపటికి నేల మీద నీడ కొస దగ్గర కదలిక మొదలైంది.

ఇక్కడ మీకు అర్థం కావాల్సింది ఇది. ఆవిరి ఎక్కువైతే మంట చల్లబడుతుంది, సగం గ్యాస్ కాలకుండానే పోతుంది. ఇంకా ఎక్కువైతే ఆరుతుంది. కాలని గ్యాస్‌కు రంగు లేదు, పొగ లేదు. వేడి లేదు కాబట్టి పైకి కూడా లేవదు, గాలి ఎటు ఉంటే అటు దిగుతుంది. చలికాలంలో మా దగ్గర గాలి మా వాడ వైపే ఉంటుంది. నన్ను మెచ్చుకుని క్యారియరు ఇచ్చిన రోజుల్లో ఎన్ని మధ్యాహ్నాలు అక్కడ అసలు మంటే లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు, పుస్తకంలో పైన ఉన్నదే కిందికి దిగింది కాబట్టి.

ఆ రోజు పుస్తకం నేను అడిగి తీసుకున్నాను. గడిలో నా చేత్తో రాశాను: మంట ఆరింది, ఎప్పుడు ఆరిందో తెలియదు. ఆ ఐదు మాటలు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. తోటి ఆపరేటరు నా భుజం మీదుగా చూసి, అది రాయాల్నా అన్నా అన్నాడు. రాయడం నువ్వే నేర్పినవు కదా అన్నాను.

మరుసటి రోజు మళ్లీ ఐదు చుట్లు తెరిచి, ఇంజినీరమ్మ చేతిలో పట్టుకునే గ్యాస్ మీటరు తీసుకుని నాతో వాడకు వచ్చింది. తన అనుమానం తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలన్నది. అంగన్‌వాడీ వాకిట్లో ఆ డబ్బా కూత పెట్టింది. వెంటనే ఫోన్ చేసి ఆవిరి తగ్గించమన్నాం. కాసేపటికి కూత ఆగింది. మా వదిన గడప మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది.

"నేను మూడుసార్లు చెప్తె నమ్మలే," అంది నాతో. "డబ్బా కూత పెడ్తె నమ్మినవ్."

నేను తల వంచుకుని నిలబడ్డాను. నా ఉద్యోగంలో నన్ను ఎవరూ అంతకంటే గట్టిగా తిట్టలేదు.

కొత్త ఫ్లేర్ మూతి, గ్యాస్‌ను బట్టి ఆవిరిని తనే సర్దుకునే వాల్వు ఆర్డరు పెట్టాలని ఇంజినీరమ్మ రిపోర్టు ఇచ్చింది. అవి రావడానికి నెలలు పడుతుంది. పర్మిషన్ తనిఖీ మాత్రం వచ్చే వారమే. మేనేజరు సారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అంతకుముందు ఎప్పుడూ చూపించలేదు. ఆయన చెడ్డవాడు కాదు, మీరు అట్లా అనుకోవద్దు. నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానకు తన కారు పంపినవాడు. ఆ రోజు ఆయన ముఖంలో భయం ఉంది.

"పొగ కనిపిస్తె పర్మిషన్ ఆగుతది. రైతులు మళ్లా గేటు కాడ కూసుంటరు. ఇంతమంది ఏం తినాలె?" అన్నాడు. "అబద్ధం చెప్పుమంటలేను. అడగనిది చెప్పకు అంటాన్న. ఆ ఒక్కరోజు ఎప్పటి లెక్కనే ఐదు చుట్లు."

పుస్తకంలో ఆ పేజీ ఉంది కదా సార్ అన్నాను. పుస్తకం వాళ్లు అడగరు అన్నాడు.

బయటికొచ్చాక తోటి ఆపరేటరు ఇంకొకటి చెప్పాడు. అతని ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగింది. ఫ్యాక్టరీ మూతపడితే అది అట్లాగే ఇనుప ఊచలతో నిలబడుతుంది. అన్నా, నీకేం, ఇంకో రెండేండ్లకు రిటైరయితవ్ అన్నాడు.

తనిఖీ రోజు ఇద్దరు అధికారులు వచ్చారు. ఒకాయన పెద్దవాడు, కళ్లజోడు. ఇంకొకాయన కుర్రవాడు, ఫోటోలు తీసేవాడు. నేను పొద్దున్నే ఇంజినీరమ్మ చెప్పిన లెక్కకు వాల్వు పెట్టాను. మంట నారింజ రంగులో బాగా లేచింది, దాని కొస నుంచి వెంట్రుక పాయంత పొగ. వాళ్లు ఆఫీసు మెట్లు దిగి వస్తుంటే మేనేజరు సారు వెనక నుంచి నాకు చెయ్యి చూపించాడు, గాలిలో చక్రం తిప్పినట్టు.

ఇక్కడ నేను ధైర్యంగా నిలబడ్డానని రాస్తే బాగుంటుంది. నిలబడలేదు. తిప్పాను. ఐదు చుట్లూ తిప్పాను. ఇన్నేళ్ల అలవాటు, నా చెయ్యి నన్ను అడగలేదు. మంట పొట్టిదైంది, తెల్లబడింది, పొగ పోయింది.

పెద్దాయన తల ఎత్తి చూశాడు. కాసేపు చూశాడు. చేతిలో కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ, "చాలా శుభ్రంగా నడుపుతున్నారు, బాగుంది," అన్నాడు.

ఆ బాగుంది అన్న మాట నాకు పన్నెండేళ్లుగా వినిపిస్తున్న మాట. అప్పటిదాకా నోరు మూసుకునే ఉన్నాను. అది విన్నాక ఉండలేకపోయాను.

"సార్, బాగలేదు," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. మేనేజరు సారు నేల వైపు చూశాడు.

"మంట చస్తాంది సార్. నేనే సంపుతాన్న. పొగ లేదంటె గ్యాస్ కాలుతాంది అనుకుంటాన్రు. కాలక మా వాడల పడ్తాంది."

ఆయన ఏ ఆధారంతో అంటున్నావని అడిగాడు. ఆయన్ను సిమెంటు నేల దగ్గరికి తీసుకుపోయాను. నీడ కొస దగ్గర ఏమీ ఆడడం లేదు, కళ్లు చికిలిస్తే ఏదో కొంచెం. తోటి ఆపరేటరు వాల్వు దగ్గర ఉన్నాడు. నేను చెయ్యెత్తి తగ్గించమన్నాను. తిప్పుతాడా తిప్పడా అని ఒక క్షణం అనుమానపడ్డాను. తిప్పాడు. ఒక్కో చుట్టుకూ నేల మీద వేడి నీడ పెరిగింది. పైన సన్నగా పొగ వచ్చింది. ఇప్పుడు పొగ ఉంది సార్, గ్యాస్ కాలుతాంది అన్నాను. ఇంజినీరమ్మ తన మీటర్ల కాగితాలు తెచ్చి ఇచ్చింది. నేను పుస్తకం తెచ్చి నా పేజీ తీసి చూపించాను.

ఆయన ఆ పేజీ చదివాడు. ఎన్నేళ్ల నుంచి ఇట్లా అని అడిగాడు. ఐదు చుట్లు పన్నెండేండ్ల సంది, మంట ఎన్నిసార్లు ఆరిందో తెల్వది అన్నాను. ఆయన తన కాగితం తిప్పి నాకు చూపించాడు. అందులో ఫ్లేర్ దగ్గర ఒకటే గడి: పొగ ఉందా, లేదా.

"మాకు పైనుంచి కొత్త నిబంధనలు వచ్చినయి, పాత ఫారమే మిగిలింది," అన్నాడు. ఎవరి మీద కోపమో తెలియదు, ఆ టిక్కును గీతలు పెట్టి కొట్టేశాడు.

వారంలో నోటీసు వచ్చింది. కొత్త మూతి, కొత్త వాల్వు పెట్టేదాకా ఆయిల్ కాచడానికి వీల్లేదు. డ్రమ్ములు కడగడానికి, రంగులు వేయడానికి కొందరిని ఉంచుకుని మిగతా అందరినీ ఇంటికి పంపారు. ఆ పంపినవాళ్లలో నేనూ, తోటి ఆపరేటరూ ఉన్నాం. గేటు దాటుతుంటే అతను నాతో, "నీకు అక్షరాలు నేర్పుడే నేను చేసిన తప్పు," అన్నాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మాట్లాడకపోయినా ఒకేచోట పని చేశాం. మిర్చి సీజను మొదలైంది, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు దించడానికి మనుషులు కావాలి. నా వయసుకు బస్తాలు మోయలేను కాబట్టి కుప్పలు సర్దే పని ఇచ్చారు. ఒకరోజు అతను మోసుకొచ్చిన బస్తా నోరు విప్పి కుమ్మరించగానే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. పది, పదిహేను, ఆగవు. కళ్లనీళ్లు కారుతూ కుప్ప పక్కన కూలబడ్డాను. అతను నిలబడి చూశాడు.

"ముక్కు ఇంకా బతికే ఉన్నదన్నా," అన్నాడు. తర్వాత నీళ్ల బాటిలు తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికి వచ్చాం.

కొత్త ఫ్లేర్ మూతి వచ్చింది. బిగించారు. గ్యాస్ పెరిగితే ఆవిరి తనే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పైలట్లు మూడు, మూడింటికీ తీగలు. మంటను చూస్తూ ఒక కెమెరా. మమ్మల్నందరినీ మళ్లీ పిలిచారు. మేనేజరు సారు నన్ను కూడా పిలిచాడు, నేను అనుకోలేదు. నాతో ఎక్కువ మాట్లాడలేదు, ఫ్లేర్ దగ్గర డ్యూటీ నీదే అని మాత్రం అన్నాడు.

మొదలుపెట్టిన రోజు ఫెన్సింగ్ అవతల జనం నిలబడ్డారు. వాడ నుంచి కొందరు, పత్తి రైతులు కొందరు. అధికారి పెద్దాయన కూడా వచ్చాడు. గ్యాస్ వదిలాం. మంట అంటుకుంది. అంటుకోగానే నల్లటి పొగ ఒక ముద్ద పైకి లేచింది. ఫెన్సింగ్ అవతల గొణుగుడు మొదలైంది. పక్కనే పాత వాల్వు ఇంకా ఉంది, అత్యవసరానికని ఉంచారు. తోటి ఆపరేటరు చెయ్యి దాని మీదికి పోయింది.

"ఆగు తమ్మీ," అన్నాను.

"అన్నా, అందరు చూస్తాన్రు."

"చూడనీ."

నా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను, నా మీద నాకు నమ్మకం లేక. ఇంజినీరమ్మ తెర ముందు నుంచి కదలలేదు. రెండు నిమిషాలు అనుకుంటాను, నాకు చాలా పొడవుగా అనిపించాయి. పొగ పలచబడింది, ఇంకా పలచబడింది, మంట నారింజ రంగులో స్థిరపడింది. వేడి ఉంది, ఆవిరి సరిపోయింది, అన్నీ బాగున్నాయి అని ఆమె బయటికొచ్చి చెప్పింది. మేనేజరు సారు ఊపిరి వదిలాడు. అధికారి సంతకానికి పెన్ను తీశాడు.

ఇంకో రీడింగు మిగిలింది సార్ అన్నాను. ఏ మీటరుది అని ఆయన అడిగాడు. ఫోన్ తీసి మా వదినకు చేశాను. ఆమె ఫెన్సింగ్ దగ్గరికి రాలేదు, అంగన్‌వాడీలో వంట వదిలి రానని ముందే చెప్పింది.

"వదినా, వాసన వస్తాందా?"

"ఆగు," అంది.

అడుగుల చప్పుడు వినిపించింది. గడప దాటింది. బోరింగు దగ్గరికి పోయినట్టుంది, ఎవరో నీళ్లు కొడుతున్నారు. అక్కడి నుంచి చర్చి గోడ దాకా పోయింది, అక్కడ ఎవరినో ముసలావిడను కూడా అడిగింది. మేమందరం, పర్మిషన్ కాగితాలు చేతిలో పట్టుకున్న అధికారితో సహా, ఆ ఫోన్ చుట్టూ నిలబడి ఎదురుచూస్తున్నాం. నా ముక్కు మీద నాకు ఆశ లేదు. ఆమె ఏం చెప్తే అదే.

"లేదు," అంది చివరికి. "మాడిన వాసనొకటి వస్తాంది. అది నా పప్పే. నీ ఫోను మూలంగనే మాడింది."

పుస్తకం తెరిచాను. అచ్చేసిన గళ్లలో దీనికి చోటు లేదు. స్కేలు తీసుకుని పేజీ చివర ఒక నిలువు గీత గీశాను. పైన 'వాడలో వాసన' అని రాశాను. కింద 'లేదు' అని రాశాను. చూసినవారి సంతకం ఉండాల్సిన చోట మా వదిన పేరు రాశాను. మేనేజరు సారు వంగి చదివి, పుస్తకాన్ని అధికారి చేతికి ఇచ్చాడు.